గీత దగ్గర చేటలు

పొద్దున్నే గీత మూడడుగులు పైకి జరిగింది. దాంతో పెదరెల్లుతిప్ప ఊరంతా ఒక్కసారి లేచి సర్దుకుంది. పొయ్యిలు జరిగాయి, చేపలు ఆరేసే బల్లలు జరిగాయి, ఎవరిదో మేకను కట్టిన రాట ఊడి మూడడుగుల అవతల మళ్ళీ పాతుకుంది. ఎవరూ కంగారు పడలేదు. సముద్రం వైపు తలెత్తి చూసినవాళ్ళు కూడా లేరు. సముద్రాన్ని చూసి బతకడం వాళ్ళ తాతల కాలంలోనే పోయింది.

ఆ ఊరి ఇసుకలో, నీటి అంచు నుంచి పెద్దగట్టు దాకా, జొన్నగింజలంత దీపాలు పాతి ఉంటాయి. ఏ పూట పోటు ఎంతవరకు వస్తుందో పోటుగణి అనే యంత్రం లెక్క కట్టి, దాన్ని బట్టి ఒక వరస దీపాలను పచ్చగా వెలిగిస్తుంది. అదే పోటుగీత. ఆ పూటకు గీత అవతల నీళ్ళు, ఇవతల నేల. గణి రాకముందు ఊరు మూడుసార్లు కొట్టుకుపోయి, మూడుసార్లు వెనక్కి జరిగిందట. గణి వచ్చిన ఈ అరవై రెండేళ్ళలో గీత ఒక్కసారీ తప్పలేదు. ఇప్పుడు జనం గీతకు మూరెడు దూరంలో కూర్చుని అన్నాలు తింటారు. బడిపిల్లలు గీత మీద కాళ్ళు చాపుకుని ఎక్కాలు అప్పజెబుతారు. సముద్రమంటే భయం అక్కడ మశూచిలాంటి పాతకాలపు జబ్బు, ముసలివాళ్ళు చెబితే వినవలసిందే.

వీరవేణి మాత్రం ఆ పొద్దున కంగారు పడింది. గీత జరిగినందుకు కాదు, మూడడుగులే జరిగినందుకు.

ఆమె తీర కొలతల కేంద్రంలో మాపరి. సముద్రంలో అక్కడక్కడా తేలుతూ నీటి ఎత్తును గణికి చెప్పే నీటికళ్ళను శుభ్రం చేయడం ఆమె పని. వాటికి నత్తలూ నాచూ పట్టి బరువెక్కితే లెక్క తప్పుతుంది కాబట్టి, నెలకోసారి కొలతల పడవలో వెళ్ళి గీకి రావాలి. పురుటి సెలవు అయ్యాక మొదటి విడతగా కిందటి వారమే ఆమె ఉత్తరపు కొసకు వెళ్ళింది. అయిదు నెలల పాపను అత్తకు అప్పజెప్పి, రొమ్ములు గడ్డకట్టి నొప్పి పెడుతుంటే, మూడు రోజులపాటు ఆఖరి మూడు నీటికళ్ళనూ గోళ్ళు అరిగేదాకా గీకింది. అవి అద్దంలా ఉన్నాయని ఆమెకు తెలుసు.

ఇప్పుడు చేతిపలకలో చూస్తే ఆ మూడూ మిగతా వాటికంటే జానెడు ఎత్తు చూపిస్తున్నాయి. వాటి పక్కన గణి ‘మురికి’ అని రాసి, లెక్కలోంచి తీసేసింది.

గీత నిజంగా జరగవలసింది మూడడుగులు కాదు. పళ్ళెంలా చదునైన ఆ తీరంలో జానెడు నీరు లేస్తే అంచు ముప్ఫై నలభై అడుగులు పైకి వస్తుంది.

ఆమె కేంద్రానికి పలకలో మాట్లాడింది. పెద్ద గణకుడు మేడిశెట్టి నెమ్మదస్తుడు, ఎవరినీ కసిరే మనిషి కాదు. అంతా విని, “చంద్రుడి సంగతి చూసుకున్నామమ్మా,” అన్నాడు. “ఎల్లుండికి భూమికి బాగా దగ్గరగా వస్తున్నాడు. రేపు పున్నమి, సూర్యుడూ చంద్రుడూ ఒకే బారున నీటిని లాగుతారు. ఏటా కార్తీకంలో నీటిమట్టం ఎలాగూ ఎత్తే కదా, ఫాల్గుణం కంటే జానెడున్నర. వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, గోదావరి వరద కలిసిన నీరు తేలికై పైకి నిలుస్తుంది. ఇవన్నీ కలిపే గణి గీత గీసింది.”

“ఉత్తరపు కొస నుంచి వచ్చే పొంగు కలపలేదండి,” అంది వీరవేణి. “భూమధ్యరేఖ దగ్గర గాలి గట్టిగా వీస్తే ఆ పొంగు సముద్రానికి అటు తూర్పు వైపు ఒడ్డును చేరి, బంగాళాఖాతం అంచు పట్టుకుని చుట్టూ తిరిగి, నెలా నెలన్నరకు మన దగ్గరికొస్తాది. మీరు నేర్పిందే. ముందు కనబడేది ఉత్తరాన ఉన్న ఆ మూడింటికే. రెండ్రోజుల్లో ఇక్కడుంటాది.”

“ప్రతి ఏడూ వచ్చే పొంగు లెక్కలో ఉందమ్మా.”

“ఈ ఏడు రెండు వచ్చాయండి, ఒకదాని వెనక ఒకటి. రెండోది లెక్కలో లేదు.”

“నలభై కళ్ళు ఒక మాట చెబుతుంటే మూడు ఇంకో మాట చెప్పాయి. అలాంటప్పుడు గణి నలభైనే నమ్ముతుంది. దాన్ని అలా కట్టారు. మార్చడానికి నాకు అధికారం లేదు. పైకి రాస్తాను, సోమవారానికి జవాబు వస్తుంది.”

“పండగ ఎల్లుండండి.”

“వేరే ఊరైతే నేనూ నిశ్చింతగానే ఉండేవాణ్ణి,” అన్నాడాయన. ఈ ఊరి సంగతి వేరని ఇద్దరికీ తెలుసు.

గణిని మరీ అంత అమాయకంగా ఏమీ కట్టలేదు. ప్రతి ఊళ్ళోనూ అది అసలు లెక్క కంటే రెండు జానల ఎత్తున గీత గీస్తుంది, అది కాపుదల. నీరు గీతను తాకిందంటే ప్రమాదపు గంట కొడుతుంది. పెదరెల్లుతిప్పలో మాత్రం ఏడాదికి ఒక పూట ఆ కాపుదల తీసేస్తారు, గంటనూ ఆపేస్తారు. ఊరే తీర్మానం చేసి, వేలిముద్రలు వేసి అడిగి తీయించుకుంది. చేటల పండగ కోసం.

ఏడాదిలోకెల్లా పెద్ద పోటు వచ్చే పూటను గణే చెబుతుంది. ఆ పూట, ఆ ఏడు పుట్టిన పసివాళ్ళను పసుపు రాసిన చేటల్లో పడుకోబెట్టి, గీత మీద వరసగా పెడతారు. నీరు వచ్చి చేట అంచును తాకి వెనక్కి వెళుతుంది. తాకిన పిల్లకే పేరు. తాకని పిల్ల ఎన్నాళ్ళైనా ‘పాప’, ‘బాబు’, అంతే. తాకాలంటే గీత నిక్కచ్చిగా ఉండాలి, అందుకే కాపుదల అడ్డమైంది. సముద్రం మన మాట వింటోందని పసివాళ్ళకు మొదటిరోజే చూపించాలన్న సరదా అది. యంత్రాన్ని కట్టినవాళ్ళు తుఫాన్లను ఊహించారు, అలల్ని ఊహించారు. దాని గీత మీద ఎవరైనా తమ పిల్లల్ని పడుకోబెడతారని వాళ్ళకు కలలో కూడా తట్టలేదు.

ఇంటికొచ్చేసరికి అత్త మసేనమ్మ కొత్త చేటకు పసుపు రాస్తోంది. అరవై రెండేళ్ళ మనిషి. మొట్టమొదటి ఏడు చేటలో పడుకున్న పిల్లల్లో ఆవిడొకతె, ఆ గొప్ప ఇప్పటికీ తగ్గలేదు.

“అత్తా, ఈ ఏడు మన పాపని పెట్టొద్దు.”

మసేనమ్మ చెయ్యి ఆగలేదు. “ప్రతీ ఏడూ ఒక తల్లి ఇలాగే అంటాది. ఈ ఏడు నీ వంతొచ్చింది, అంతే.”

“నేను మాపరిని. లెక్క తెలిసి చెప్తున్నాను.”

“నీకు ఒక వారం లెక్క తెలుసు, గణికి అరవై ఏళ్ళ లెక్క తెలుసు. నీ మొగుడు పడుకున్నాడు, నువ్వు పడుకున్నావు. పేరు లేని పిల్లని ఊళ్ళో ఎలా పెంచుతావే? రేపు బళ్ళో ఏటని పిలుత్తారు?”

వీరవేణి మిగతా తల్లుల దగ్గరికీ వెళ్ళింది. పదకొండు గడపలు ఎక్కి దిగింది. ఎవరూ కోప్పడలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, బాలింత భయమని నవ్వారు. పక్కింటి లోవకుమారైతే ఆమె చెయ్యి పట్టుకుని బతిమాలింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, తొలిచూలు మగబిడ్డ. “అక్కా, నువ్వలా అనకు, నాకూ బెదురొచ్చేత్తాది. మాయక్క పోయినేడు ఎనక్కి తిరిగేసిందని ఇప్పటికీ ఊరంతా ఏడిపిత్తన్నారు. నేను సచ్చినా తిరగనని మాయమ్మతో పందెం కాశాను.”

పండగలో తల్లులు బిడ్డలకు నలభై అడుగుల వెనక, సముద్రానికి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడాలి. తల్లి బెదురు బిడ్డ మీద పడకూడదని అలా పెట్టారు. నీరు తాకి వెనక్కి మళ్ళినట్టు గణికి తెలిసిన క్షణాన గట్టు మీద బూర మోగుతుంది. అప్పుడే తిరగాలి. ఈలోగా వాళ్ళ వెనక చేరిన అమ్మమ్మలూ నాయనమ్మలూ ఊరుకోరు. “అయ్యో నీళ్ళొచ్చేశాయే, పిల్లాడు పోయాడే” అని గుండెలు బాదుకుంటారు, కుండలతో నీళ్ళు తెచ్చి మడమల మీద పోస్తారు. తిరిగిన తల్లికి జన్మంతా వేళాకోళమే.

ఆ రెండు రోజులూ వీరవేణి ఊగిసలాడింది. గణిని నమ్మకుండా ఉండడం ఆమెకూ చేతకాదు. తను పుట్టి పెరిగిందే ఆ పచ్చ గీత పక్కన. మూడు నీటికళ్ళూ నిజంగానే చెడిపోయాయేమో, తనకే పిచ్చెక్కుతోందేమో అని ఒక గంట అనుకునేది. తర్వాతి గంటలో పాపను ఎత్తుకుని గట్టు దాటి పారిపోదామనుకునేది. పారిపోలేదు. పాపకు పేరు కావాలని ఆమెకూ ఉంది. అత్త చేట ఎత్తుకుంటే వెనకాలే నడిచింది.

కార్తీక పున్నమి మర్నాడు, పొద్దున తొమ్మిది కావస్తోంది. ఎండ చురుక్కుమంటోంది, సముద్రం చాలా మంచిగా ఉంది. గట్టు మీద మగవాళ్ళు డప్పులు కొడుతున్నారు, పండగ అయ్యేదాకా వాళ్ళు కిందికి దిగకూడదు. గీత మీద పన్నెండు చేటలు. పాపది అయిదోది, లోవకుమారి కొడుకుది నాలుగోది. వాడు కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని దీపాల పచ్చ వెలుగును చూస్తున్నాడు.

తల్లులు వరసగా వీపు తిప్పి నిలబడ్డారు. వీరవేణి కళ్ళు మూసుకుని చెవులు రిక్కించింది. పని నేర్చిన చెవులు అవి. ఊరికి ఎదురుగా సముద్రంలో ఒక ఇసుక మేట ఉంది. పెద్ద కెరటాలన్నీ దాని మీదే విరిగి, నురుగై, చచ్చి ఒడ్డుకొస్తాయి. ఆ విరిగే చప్పుడు ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఊపిరితో సమానం, ఆగితే తప్ప అది ఉన్నట్టే తెలియదు.

ఇప్పుడది వినబడటం లేదు.

కారణం అర్థం కావడానికి ఆమెకు రెండు క్షణాలు పట్టింది. మేట మీద నీరు జానెడు ఎక్కువైంది. కెరటాలు దానికి తగలకుండా, విరగకుండా, పైనుంచి సాఫీగా లోపలికి వస్తున్నాయి.

వెనక అమ్మమ్మల కేరింతలు మొదలయ్యాయి. “తాకింది, తాకింది!” నీరు చేటల్ని ముట్టింది. అందరూ బూర కోసం ఆగారు. బూర మోగలేదు. నీరు మళ్ళితే కదా అది మోగేది. మళ్ళలేదు.

వీరవేణి తిరిగింది.

గీత కనబడలేదు. పచ్చదీపాలు నీటి అడుగున మసగ్గా వెలుగుతున్నాయి, చేటలు వాటి మీద మెల్లగా ఊగుతున్నాయి. వాటి వెనక, నురుగు లేకుండా, నున్నగా, మొలలోతు కెరటమొకటి వస్తోంది. దాని వెనక ఇంకోటి ఉంది.

“నీళ్ళొచ్చేశాయి, తిరగండి, పిల్లల్ని తియ్యండి!” అని గొంతు చించుకుని అరిచింది. తల్లుల వరసలో ఒకరిద్దరు నవ్వారు. అదే మాట అమ్మమ్మలు పావుగంటగా అరుస్తున్నారు మరి. ఇప్పుడు ఆ అమ్మమ్మలు నిజంగానే అరుస్తున్నారు, నిజంగానే గుండెలు బాదుకుంటున్నారు. ఆ అరుపుకూ ఈ అరుపుకూ తేడా కళ్ళు మూసుకున్నవాళ్ళకు ఎలా తెలుస్తుంది? మడమలకు నీళ్ళు తగిలితే కుండతో పోశారనుకున్నారు. ఒక తల్లి కళ్ళు తెరవకుండానే, “పొయ్యి పెద్దమ్మా, ఇంకో కుండ పొయ్యి,” అంది.

వీరవేణి పరుగెత్తింది. మోకాలి లోతు, తొడల లోతు. కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది. మొదటి కెరటం ఆమెను కుదిపి దాటింది, చేటల వరస చెదిరిపోయింది. కళ్ళలో ఉప్పు మండుతుంటే చూసింది. కుడిచేతి పక్కనే, అందేంత దగ్గరలో, ఒక చేట. నాలుగోది. దానిలో లోవకుమారి కొడుకు నీళ్ళు పడి ఉక్కిరిబిక్కిరవుతూ ఆమె వైపే చూస్తున్నాడు. వాడికి అవతల, రెండు బారల దూరంలో, పాప చేట పక్కకు ఒరుగుతోంది.

ఒక చేత్తో వాణ్ణి అందుకోవచ్చు. అందుకుని, పాప దగ్గరికి వెళ్ళవచ్చు. ఆ ఆలోచన రాలేదని ఆమె తర్వాత ఎన్నడూ అనలేకపోయింది. వచ్చింది. వాడి చేట దారికి అడ్డంగా ఉంది. ఆమె దాన్ని మోచేత్తో పక్కకు తోసి ముందుకు పోయింది.

రెండో కెరటం వచ్చేసరికి పాప ఆమె గుండెల మీద ఉంది. గట్టు మీద డప్పులు ఆగిపోయాయి. మగవాళ్ళు కిందికి దూకారు, మసేనమ్మ చీర ఊడిపోతున్నా పట్టించుకోకుండా ఒక చేటను చేత్తో లాగుతూ మరో పిల్లను చంకనేసుకుంది. ఒక్కొక్క తల్లీ కళ్ళు తెరిచి, కేకపెట్టి, నీళ్ళలోకి పడింది. అంతా కలిపి పట్టుమని నాలుగు నిమిషాలు. నీరు గట్టు మొదలు దాకా వచ్చి అక్కడ నిలబడింది. గట్టు వాలులో తడి ఇసుక మీద పిల్లల్ని పడుకోబెట్టి, నీళ్ళు కక్కించి, ఎవరో లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. రెండుసార్లూ పదకొండే వచ్చింది.

మగవాళ్ళు పడవలు తోసుకుని వెళ్ళారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి కూడా జనానికి ధైర్యం లేదు. అప్పుడు, మోకాళ్ళ లోతు నీళ్ళలో, తల్లుల వరస ఉన్నచోట, ఒక మనిషి ఇంకా నిలబడే ఉండడం అందరూ చూశారు.

లోవకుమారి కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. రెండు అరచేతులూ చెవులకు నొక్కిపెట్టుకుంది. వాళ్ళమ్మ ఎన్ని వేషాలు వేసినా వినబడకూడదని ముందే అలా అనుకుని వచ్చింది. పెదాల మీద పందెం గెలవబోతున్న నవ్వు. ఇందాకటి గోలలో తట్టి పిలిచిన వాళ్ళను మోచేతులతో తోసేసింది. వాళ్ళమ్మ ఒడ్డున ఇసుకలో పడి దొర్లుతోంది, కూతురి దగ్గరికి వెళ్ళే కాళ్ళు ఆవిడకు లేవు. ఎవరికీ లేవు.

వీరవేణి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. పాప చంకలో వణుకుతూ ఏడుస్తోంది. ఆ ఏడుపు ఇంత దగ్గరగా విని, లోవకుమారి ఒక చెవి మీద నుంచి చెయ్యి సడలించింది.

“ఎవరది? ఈరవేణక్కా? మీ పాప ఏడుపే గదా అది,” అంది కళ్ళు తెరవకుండా. “బూర ఊదకుండానే తిరిగిపోయావా? నువ్వు తిరుగుతావని నాకు ముందే తెలుసు. రేపట్నించి నిన్ను ఎంత ఏడిపిత్తారో సూడు.”

వీరవేణి పాపను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది.

“ఎలాగూ తిరిగావు గదా అక్కా. సూసే ఉంటావు. మావోడికి నీళ్ళు తగిలాయా?”

వీరవేణి మోచేతి మీద చేట అంచు గీసుకున్న చోట ఇంకా మండుతోంది. “తగిలాయి,” అంది.

“ఏడిశాడా?”

“లేదు.”

“మావోడు మొండోడు,” అని లోవకుమారి నవ్వింది. ఆ నీళ్ళు తన మోకాళ్ళను ఎందుకు దాటాయో ఆ పిల్ల అప్పటికి ఏమైనా అనుకుందో లేదో. నవ్వు కొంచెం తగ్గింది. “బూర సెడిపోయినట్టుంది. సానాసేపయింది గదా. మరి తిరగనా?”

ఇందాక ప్రతి తల్లినీ వెనక్కి తిరగమని గొంతు చించుకుని అరిచిన మనిషి వీరవేణి. దూరంగా నీళ్ళ మీద, బోర్లాపడిన పసుపు చేట ఒకటి పడవల మధ్య తిరుగుతోంది. ఆమె పాపను గుండెకు గట్టిగా అదుముకుంది.

“ఇంకా బూర మోగలేదు, లోవా,” అంది. “తిరక్కు.”